నలభై నిమిషాల డ్రైయర్

పెద్ద దుఃఖమేమీ లేదు. అదే చిక్కు.
ఎవరైనా పోయి ఉంటే పరామర్శకు వచ్చేవాళ్ళు,
కాలు విరిగితే కట్టు కనిపించేది.
నాకు జరిగిందల్లా
ఏమీ జరగకపోవడం.

ఫిబ్రవరి నుంచి డండీలో
నా కర్టెన్ జానెడే తెరిచి ఉంది.
ఆ జానెడులోంచే టే నది వస్తుంది, పోతుంది,
సముద్రం పొగమంచు పంపిన రోజు అదీ రాదు.
పొద్దున లాప్‌టాప్, ఎవరెవరివో కార్ల సొట్టల ఫోటోలు,
ఇంత సొట్టకి ఇన్ని పౌండ్లని నా లెక్క.
మధ్యాహ్నం టోస్టు. రాత్రికి మళ్ళీ టోస్టే,
తింటూ తింటూ ఫోనులో ఎవరివో గృహప్రవేశాలు.

కస్తూరి ఫోన్ చేసి అడుగుతుంది:
"ఏమే, గాడిన పడ్డావా?"
మన భాషలో గాడిన పడటం మంచి మాట.
దానికి తెలియదు, నేను పడే ఉన్నాను,
ఇరుసు దాకా దిగబడి ఉన్నాను.
గానుగెద్దునయ్యానే అందామనుకున్నా,
అదీ అబద్ధమే అవుతుంది.
ఎద్దు తిరిగితే కనీసం నూనె దిగుతుంది.

వాషింగ్ మెషీన్ చచ్చిపోయి ఐదు వారాలు.
మెకానిక్‌ని పిలవాలన్న పని
ప్రతి రాత్రీ నా పక్కన పడుకుని
పొద్దున్నే నాకంటే ముందు లేస్తోంది.
కుర్చీ మీద బట్టలు మనిషంత అయ్యాయి.
చీకట్లో ఓసారి వాటితో
"కాస్త జరుగు" అన్నాను కూడా.

నిజం చెప్పొద్దూ, సంకల్పం కలిగి లేవలేదు.
ఉతికిన లోదుస్తులు అయిపోయాయి, అంతే.
ఆదివారం, అన్నీ దుప్పట్లో మూటకట్టి
చాకిరేవుకి పోతున్నదానిలా భుజాన వేసుకుని
హిల్‌టౌన్ వాలు దిగాను.
వాన పడలేదు. పడి ఉంటే వెనక్కి తిరిగేదాన్ని.

లాండ్రెట్‌లో ఆగ్నెస్, డెబ్బై దాటి ఉంటుంది,
నా మూటని చూసి కుశలం అడగలేదు.
"తెల్లవి వేరు చెయ్" అంది.
ఎన్ని నెలల తర్వాతో ఎవరో నాకు అప్పగించిన,
నేను చేయగలిగిన పని.
వేరు చేశాను.

గుండ్రటి అద్దం వెనక
నా ఐదు వారాలు మురికి నురగలో దొర్లాయి.
తిరిగిన చోటే తిరిగాయి, నిజమే.
కానీ మధ్యలో ఆగి,
బుడబుడమని నీళ్ళు వదిలేసి,
కొత్త నీళ్ళు పట్టుకుని మళ్ళీ తిరిగాయి.
ఆ వదలడం నేనెప్పుడు మర్చిపోయానో.

కోటు జేబులోంచి కాగితం ముద్ద బయటపడింది.
పోయిన జనవరి ఒకటిన రాసుకున్న జాబితా.
పదకొండు తీర్మానాలూ సబ్బుకి కరిగిపోయి
ఒకచోట "వంతె" మాత్రం మిగిలింది.
"న"ని నీళ్ళు తాగేశాయి.
నవ్వొచ్చింది.
నా నవ్వు నాకే ఎవరిదోలా వినిపించి
వెనక్కి తిరిగి చూశాను.

ఆగ్నెస్ డ్రైయర్‌లో నాణేలు వేసింది.
"నలభై నిమిషాలు. ఇక్కడే కూర్చుంటే
నేను పెట్టే టీ తాగాల్సొస్తుంది మరి."

టే వంతెన మీద నడిచేవాళ్ళ దారి
అటూ ఇటూ పరిగెత్తే కార్ల నడుమ, ఎత్తుగా, బారుగా.
గాలి చెంప మీద కొట్టింది,
చనువున్నవాళ్ళు కొట్టినట్టు.
ఊపిరి పాత సైకిల్ పంపులా కూసింది.
దూరంగా ఇసుకదిబ్బ మీద సీల్ జంతువులు
పొట్టలు ఆరేసుకుని పడున్నాయి,
ఏ సిగ్గూ లేకుండా.
వాటినెవరూ గాడిన పడ్డారా అని అడగరు.

ఇరవై నిమిషాలకి గడియారం చూశాను.
అవతలి ఒడ్డు ఇంకా అవతలే ఉంది.
సగంలోనే వెనక్కి తిరిగాను,
బట్టలు ఆరిపోతాయి కదా.

వచ్చేసరికి ఆగ్నెస్ దుప్పటి ఒక కొస పట్టుకుని
రెండో కొస నాకు అందించింది.
ఇద్దరం మడిచాం, దగ్గరికొస్తూ, దూరం జరుగుతూ.
"ఒక సాక్సుకి జోడీ లేదు" అంది.
"ఇంట్లో ఉందేమో, వచ్చే వారం తెస్తాను" అన్నాను.
వచ్చే వారం!
ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని
వాలెక్కి, తలుపు తాళం తీస్తుంటే గాని తెలియలేదు.

ఆ రాత్రి కూడా మెకానిక్‌ని పిలవలేదు.
కర్టెన్ ఇంకో జానెడు జరిపాను.
కుర్చీ ఖాళీగా కనిపిస్తే
కొత్తవాళ్ళింట్లోలా కాస్త జంకుతూ
వెళ్ళి కూర్చున్నాను.