మూడో మలుపు

యాంకుల్ కొండల తొవ్వ
గాడిద కాళ్లకే ఎరుక.
నీళ్ల క్యాన్లు నాలుగు, ఉల్లిగడ్డ సంచి,
ఖుబ్బూసు కట్టలు, డ్రిల్లు మిషన్‌కు డీజిలు.
దాని వీపున పట్టనిది నా వీపున.

మూడో మలుపు కాడ అది ఆగుతది.
కొట్టినా కదలదు.
నేను సుత ఆగుత.
లోయల ఎండ పొట్టేలు లెక్క కుమ్ముతది.

పైన గుడారంల తెల్లటోపీ సార్లు
రాయిని నూరి, అద్దంల చూసి
గురిగింజెత్తు మెరిస్తే చప్పట్లు.
దిగేటప్పుడు పెట్టెల నిండ రాళ్లు.
నీళ్లన్న తాగితే తరుగుతయి.

గాడిదకేం తెలుసు గంధం వాసన అంటరు.
బంగారానికి వాసనే ఉండదు,
మా ఇద్దరికి అదొక్కటి తెలుసు.

మా పోసవ్వ పుస్తె, అర్ధతులం,
కోరుట్ల సేటు బీరువల ఉంది, వీసా పైసలకు.
ఈడ ఎవలకు చెప్పలే.
గాడిదకు చెప్పిన.
చెవి ఊపింది.

చలి పోంగనే క్యాంపు లేపిండ్రు.
కొండల ఏం లేదట.
పక్క ఊరి హిలాల్ వచ్చి
గాడిద పండ్లు చూసిండు, గిట్టలు ఎత్తి చూసిండు,
అరవై రియాళ్లు లెక్కవెట్టిండు.
నన్ను ఎవలూ చూడలే.

టికెట్టు జేబుల వెట్టుకొని కిందనే నిలవడ్డ.
అది అతని ఎంబడి ఎక్కుతున్నది.
మీద గడ్డిపోచ బరువు లేదు.
అయినా
మూడో మలుపు కాడ ఆగింది.