నూటికి రెండున్నర

పర్లాకిమిడిలో, కోర్టు సందు మొదట్లో నా కొట్టు.
బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు.
జెరాక్సు, ఆధార్ ప్రింటు, రీఛార్జి,
బోర్డు మీద రాయించనిది ఇంకొకటి:
ఆటల్లో వజ్రాలు.
కంపెనీ వాడు నాకిచ్చేది
నూటికి రెండున్నర.

నీలాంచల్ వానల్లో వచ్చాడు మొదట.
ఎనిమిదో తరగతి గుంటడు.
తడిసిన పది నోట్లు బల్ల మీద ఒక్కొక్కటే విడదీసి
"ఇయి ఎయ్యండి ఆంటీ" అన్నాడు.
వేశాను.
తెర మీద పెట్టె తెరుచుకుంది,
బాకా ఊదింది, రంగులు చిమ్మింది,
లోపల ఒక టోపీ.
"ఇది నాకాడ ఉన్నాదండి. పులి తుపాకీ రావాల."
"వస్తుందా?"
"ఈపాలి దగ్గరదాకా ఒచ్చీసింది."

ఆ దగ్గరదాకా
ఎవరో జీతం తీసుకుని కొలిచిపెట్టిన దూరమని
నాకప్పుడు తెలీదు.
తెలిస్తే మానేసేదాన్నా?
చెప్పలేను. కరెంటు బిల్లు కట్టాల్సిన నెల అది.

పండగలయ్యాక వాళ్ల నాన్న బైరాగి వచ్చాడు,
గుణుపురం రైల్లో ఉడికిన సెనగలమ్మే మనిషి.
అరవలేదు. సెనగల పొట్లం కాయితం మీద
తేదీలు వేసుకొచ్చాడు, డబ్బాలో తగ్గినవి.
నాలుగు వేల మూడొందలు.
నేనూ లెక్క కట్టి
నా వాటా నూట ఏడున్నర అతని ముందు పెట్టాను.
"మరి మిగతాది ఏ ఊర్లో ఉన్నాదమ్మా?
ఎల్లి అడుగుతాను" అన్నాడు.
ఏ ఊరు చెప్పను?
ఏ రైలెక్కించను?

మా సందులోనే దండపాణి మహారణా
కొమ్ముతో దువ్వెనలు చేస్తాడు.
ఒక పన్ను విరిగితే తీసుకెళ్లి మొహాన కొట్టొచ్చు.
కొట్టాను కూడా ఒకసారి.
కొత్తది ఇచ్చాడు, తిట్టుకుంటూ.

జనవరిలో ఆ ఆట మూసేశారు.
టోపీలు, తుపాకులు, ఎగిరే గుర్రం, అన్నీ పోయాయి.
అవి కొన్నవి కావట.
వాడుకోమని ఇచ్చినవట.
షరతుల్లో ముందే రాశారట.
ఆ షరతులు ప్రింటు తీశాను: నలభై రెండు పేజీలు.
నా కొట్టులో అంత పొడుగు కాయితం
భూమి తగాదాలకి కూడా ఎవరూ తీయించలేదు.

వజ్రాలు అమ్మడం మానేశాను.
నేను మానితే ఏమైంది?
పిల్లలు సైకిలెక్కి పాతపట్నం పోయారు.
అక్కడ రాష్ట్రం వేరు, పెట్టె అదే.

బరంపురంలో చదివే మా చెల్లెలి కూతురు
ఒక ఆట చూపించింది.
ఇద్దరు అక్కచెల్లెళ్లు మూడేళ్లు కూర్చుని చేశారట.
ఒక్కసారి ఎనభై రూపాయలు,
ఆ తర్వాత చెయ్యి చాపదు.
మంచులో పడవ నడుపుకుంటూ పోవడమే.
చివర పేర్లొస్తాయి,
వాళ్లకి టీ తెచ్చిన అబ్బాయి పేరు కూడా.
నీలాంచల్ ఫోన్లో నేనే వేయించాను.

రెండ్రోజులాడాడు.
"బాగున్నాదండి. గానీ
అందులో ఎవులూ నేరు."
వాడి దోస్తులంతా కొత్త తుపాకుల ఆటలో ఉన్నారు మరి.
దానికి నా దగ్గర జవాబు లేదు.
గుడ్డి కన్నా మెల్ల నయమంటారు,
మెల్లకన్ను ఒంటరిదని ఎవరూ చెప్పరు.

అయినా నిన్న వచ్చాడు.
పెన్సిలడిగి, పాడైన జెరాక్సు వెనక్కి తిప్పి
"ఎనభైలో ఆ అక్కలకి ఎంతొస్తాదండి?" అన్నాడు.
"దుకాణం వాడు నూటికి ముప్పై పట్టుకుంటాడట."
"ముప్పయ్యా!
ఆడేటి సేసినాడు?"
గీసి, కొట్టేసి, మళ్లీ గీసి
యాభై ఆరు చుట్టూ సున్నా చుట్టాడు.
ఇన్నాళ్లూ పెట్టెలు తెరిచాడు గానీ
డబ్బెక్కడికి పోతుందని అడిగింది ఇదే మొదలు.
"మరి మీకో?"
"నాకేం రాదు."
నన్ను ఎగాదిగా చూశాడు
నేనేదో దాస్తున్నట్టు.
"ఏమీ రాకపోతే ఏటికి పెట్టినారండి?"

మెషీను వేడెక్కుతోంది.
ఎవరిదో రేషన్ కార్డు గాజు మీద బోర్లా ఉంది.
మూత వేశాను.