ముప్పై ఆరు నెలలు

ఈస్ట్ లండన్, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో మా ఫోన్ల కొట్టు.
సముద్రపు ఉప్పుగాలికి
షట్టర్ కింది అంచు తుప్పు పట్టి
రోజూ పొద్దున్నే నాకంటే ముందు మూలుగుతుంది.

శనివారం మధ్యాహ్నం జోలెకా వచ్చింది.
ఆస్పత్రిలో నేలలు తుడిచే పని,
పోయిన చలికాలం పర్మనెంటయింది.
సంచిలోంచి మూడు జీతం చీటీలు తీసి
ఇస్త్రీ చేస్తున్నట్టు అరచేత్తో సాపు చేసి
బల్ల మీద పెట్టింది.
"కాంట్రాక్టు ఫోను ఇప్పించు నాయనా."

అడ్రసు రుజువు అడిగాను.
డంకన్ విలేజ్‌లో ఆవిడ వీధికి పేరు లేదు,
రేకు తలుపు మీద మునిసిపాలిటీ వాళ్లు
ఎర్ర రంగుతో గీసిన అంకె ఉంది.
"వానకి సగం కారిపోయింది,
ఏడో ఒకటో నువ్వే చూసి వేసుకో" అంది.
కంప్యూటరు ఏడునీ ఒప్పుకోలేదు, ఒకటినీ ఒప్పుకోలేదు.
చర్చి పెద్ద రాసిచ్చిన ఉత్తరాన్ని ఒప్పుకుంది.

ఇన్నాళ్లూ ప్రీపెయిడే.
మలుపులో సోమాలీ అబ్దిరషీద్ కొట్టు దగ్గర
సీసాడు కిరసనాయిలు, పొట్లం చక్కెర,
ఐదు రాండ్ల ఎయిర్‌టైమ్,
మూడూ ఒకే గుప్పెడు చిల్లరతో.
దీపంలోకి ఎంతో, నోట్లోకీ అంతే,
ఏ పూటకా పూట కొలిచి పోయించుకోవడం.

"మా అక్క ముతాతాలో ఉంటుంది.
ఫోనెత్తగానే చావు కబురు ముందు, పలకరింపు తర్వాత.
మామయ్య పోయాడు, శనివారం పాతిపెడుతున్నారు,
దుప్పటి పట్టుకురా, ఎలా ఉన్నావు,
సరిగ్గా అక్కడ తెగిపోతుంది.
పదకొండేళ్లుగా ఆ మాటకి నేను జవాబు చెప్పలేదు.

కాంట్రాక్టయితే తెగదు కదా?"

తెగదన్నాను.
నెలకి మూడొందల నలభై తొమ్మిది, ముప్పై ఆరు నెలలు అన్నాను.
నా కమీషను ఎంతో అనలేదు.
ఆవిడ వేళ్ల కణుపుల మీద మూడేళ్లు ఎక్కి దిగింది.
"అప్పటికి మా మనవడికి నా చెప్పులు పడతాయి" అంది.

సంతకం పెట్టబోయి,
జోలెకాలో జో దగ్గర పెన్ను ఆపింది.
"ఒకసారి బీరువా కొన్నాను, వాయిదాల మీద.
పదిహేడు కట్టాను. పద్దెనిమిదోది తప్పింది.
లారీ వచ్చి బీరువాని ఎత్తుకెళ్లింది.
బాకీ మాత్రం మా ఇంట్లోనే దిగబడిపోయింది.
దాన్నీ తీసుకుపొండయ్యా అంటే
అది బరువండీ అన్నారు.
ఇదీ అలాంటిదేనా?"

ఈ ప్రశ్నకి ట్రైనింగులో జవాబు నేర్పారు.
నవ్వుతూ చెప్పాలనీ నేర్పారు.
అది నాలుక చివరిదాకా వచ్చి
ఎందుకో చప్పబడిపోయింది.
"అలాంటిదే" అన్నాను.

"మరి నీదే ప్లాను?"

ఇది నేర్పలేదు.
నా ఉద్యోగానికి ప్రతి ముప్పయ్యో తేదీనా కొత్త సంతకం.
నా గదికి వారం వారం అద్దె.
ముప్పై ఆరు నెలల్ని పొద్దస్తమానం అమ్మే నా జేబులో
రెండు రాండ్ల అరవై సెంట్ల మాటలున్నాయి.
ఫోను తీసి చూపించాను.
ఆవిడ నవ్వలేదు.
బల్ల మీది చీటీల్ని ఒక్కొక్కటే మడతల వెంబడే మడిచింది.

చివరికి ఒక వోచరు కొనుక్కుంది.
అరవై నిమిషాలు, ఈ రాత్రి పన్నెండు దాకా చెల్లుతుంది.
కొట్టు మెట్ల మీదే కూర్చుని నంబరు నొక్కింది.
అద్దంలోంచి ఆవిడ వీపు కనిపిస్తోంది.
కాసేపు భుజాలు కదిలాయి, గబగబా, పాత అలవాటు కొద్దీ.
తర్వాత ఆగాయి.
చెవి దగ్గర ఫోను అలాగే ఉంది,
ఎదురుగా ఎమ్‌దంత్సానే టాక్సీలు అరుస్తున్నాయి,
నిమిషాలు కారిపోతున్నాయి,
ఆవిడ ఏమీ మాట్లాడటం లేదు.
లెక్కల మనిషిని, గడియారం చూశాను.
నాలుగు నిమిషాలు. అంత ఖరీదైన మౌనం
ఈ కొట్టులో నేనెవరికీ అమ్మలేదు.

ఎవరో కుర్రాడు చార్జరు కోసం తలుపు తోసుకొచ్చాడు.
వీధి రొద లోపలికొచ్చింది. దాంతోపాటు
ఆవిడ గొంతు, నెమ్మదిగా,
"ఎలా ఉన్నానంటే అక్కా..."

తలుపు దానంతటదే మూసుకుంది.