ఎడమచేతి ముడి

గరుడపక్షి కనబడితే
మా మన్నెమ్మ పుట్టిల నిలబడి చెంపలేసుకుంటది.
పుట్టి ఊగుతది. నేను తిడత.
ఆమెను కాదు, పక్షిని.
పొద్దుగాల వల గుంజేలోపల
రెండు జెల్లలు, ఒక బొచ్చెపిల్ల దాని వాటా.
తెల్లతల, ఎర్రరెక్కలు,
పెండ్లికి బయలెల్లినట్టు తయారై వచ్చి దొంగతనం.

అమరగిరి రేవుకు అవతల
నీళ్లల్ల నిలబడి సచ్చిన నల్లమద్ది ఒకటుంటది.
పుష్యమాసంల కృష్ణ తగ్గుడు షురువైనంక
నాచుపట్టిన మొదలు బయటపడ్డది.
ఒక్క ఆకు లేదు.
దాని పై చీలికల రెండు గద్దలు పుల్లలు పెట్టవట్టినయ్.
ఆరు తెస్తే మూడు నీళ్లల్ల పడుతున్నయ్.
పడ్డదాని కోసం కిందికి రావు, ఇంకోటి తెస్తయి.
లెక్క చూసిన. ఆ పూట వలల ఏం పడలే.

కొల్లాపురం కాలేజీల చదివే అస్మా వచ్చింది,
మెడల దుర్భిణి, చేతిల నోటుబుక్కు.
"రోజూ ఇటే వస్తవు గద పెదనాయనా,
ఎవరు కూసున్నరో, ఎవరు లేచిన్రో గుర్తుపెట్టు" అన్నది.
నాకు రాసుడు రాదు.
తెడ్డు కామకు కత్తితోని గాట్లు పెట్టిన.
ఆడది గూట్ల ఉంటే నిలువు గాటు,
మొగది చేప తెస్తే అడ్డం.
నిలువువి ఇరవై ఏడు.
అడ్డంవి ఎన్నో చెప్ప. సగం నా చేపలే.

ఇరవై ఎనిమిదోనాడు
ఆమె ముక్కుతోని చేప చీరి
గూట్లకు వంగి, చాన చిన్నగ పెట్టింది.
ఎవరికో మాకు కనబడలే.
అస్మా నోటుబుక్కు నీళ్లల్ల పడ్డది.

ఎండ ముదిరింది.
మిట్టమధ్యాహ్నం రెక్కలు సగం విప్పి
ఆమె గూటి మీద గొడుగై నిలబడేది.
నోరు తెరిచి వగరుస్తది, జరగది.
నేను ఒడ్డున పుట్టి బోర్లేసుకొని
దాని నీడల పండుకున్న.

రెండు తలలు లేచినయ్, బూడిద పూసుకున్నట్టు నూగు.
ఒకటి రెక్కలు ఆడిస్తుంటే
ఇంకోటి కూసున్నకాడ్నే కూసున్నది.
నాలుగు దినాలు అట్లనే.
"బలం లేదేమో" అని అస్మా
దుర్భిణి నా చేతికిచ్చింది.

మొదటిసారి. ఆ గుండ్రని అద్దంల
గూడు ఎగిరొచ్చి నా మొకం మీద వాలింది.
పుల్లలు, తుంగ, ఎవరిదో ఎర్రచీర పేలిక,
ఒక గుట్కా కాగితం,
వాటి నడుమ నీలం నైలాను,
పిల్ల కాలికి మూడు చుట్లు.
ముడి చూసిన.
అందరి ముళ్లు కుడికి తిరుగుతయి.
అది ఎడమకు తిరిగింది.
ఈ రేవుల ఎడమచేతివాన్ని నేనొక్కన్నే.

నిరుటి వల. రాయికి చిక్కితే
కోసి, వదిలి, ఇంటికిపోయి అన్నం తిన్న.

ఫారెస్టోల్లకు ఫోన్ చేస్తనని అస్మా గుట్టెక్కింది.
సిగ్నల్ అక్కడ్నే ఉంటది.
నేను లుంగీ ఎగగట్టిన.
యాభై ఆరేండ్ల మోకాళ్లు, పెచ్చులూడే బెరడు,
పండ్ల నడుమ చేపలు కోసే కత్తి.
కింద పుట్టి పట్టుకొని మన్నెమ్మ
దేవున్ని ఒకసారి, నన్ను ఒకసారి పిలుస్తున్నది.
రెండూ తిట్లే.
తల్లి రెండుసార్లు దూకింది.
మొదటిసారి రుమాలు పోయింది,
రెండోసారి నెత్తి పగిలింది.
నెత్తురు కంట్లకు దిగుతుంటే
తడుముకుంట కోసిన, ఒక్కొక్క చుట్టు.
కాలు సన్నగ, వేడిగ, పొలుసులు పొలుసులు.
బొటనవేలు పట్టుకొని పొడిచింది,
ఎముక తగిలేదాక.
బలమున్నది.

వైశాఖంల ఒకటి ఎగిరింది. గాటు పెట్టిన.
రెండోదాని పొద్దుకు నేను సంతల ఉన్న.
ఎగిరిందో, పడిందో. వచ్చేసరికి గూడు ఖాళీ.
తెడ్డు మీద ఆ జాగ అట్లనే ఉంచిన.

మొన్న వల గుంజుతుంటే
తల ఇంకా తెల్లబడని గోధుమరంగుది ఒకటి
ఒరిగి వచ్చి జెల్లను ఎత్తుకపోయింది.
ఒక్క కాలుతోనే ఎత్తుకపోయింది.
మన్నెమ్మ చెంపలేసుకున్నది.
పుట్టి ఊగింది.
"దొంగముండా" అని లేచి నిలబడి
అది గుట్ట దాటేదాక తిడుతనే ఉన్న.