రెండోసారి ఒంటి గంట

మేబుల్‌తోర్ప్‌లో అక్టోబరు చివరి శనివారం, రాత్రి డ్యూటీ.
ఆర్నాల్డ్ కోల్‌బెక్ గారి ముందుగదిలో
గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి
వాల్‌పేపర్ చుట్ట, తిరగేసి అంటించింది.
పువ్వులు గోడ వైపు, లోకాంతం మన వైపు.

దానియేలు డెబ్బై వారాలు ఎర్రసిరాలో.
ఏడు ముద్రలు, ఏడు బూరలు, ఏడు పాత్రలు
పచ్చసిరాలో, స్కేలు పెట్టి కొట్టిన గీతల కింద.
తేదీలు మాత్రం పెన్సిలే.
రబ్బరు రుద్దీ రుద్దీ కాగితం పలచబడ్డ చోట
వెనకున్న గులాబీ ఒకటి
ఎనభై ఎనిమిది అనే అంకెలోంచి తొంగిచూస్తుంది.

మా నాన్న దగ్గరా ఒకటి ఉండేది.
పిడుగురాళ్ళ సున్నపుబట్టీల పక్కన కూటాల్లో
గాడాగుడ్డ మీద రంగులతో వేయించిన పటం
రెండు వెదురుగడల మధ్య గాలికి ఉబ్బేది.
పెట్రోమాక్సు వెలుగులో ఏడు తలల మృగం
ఊపిరి పీలుస్తున్నట్టే ఉండేది,
నేను అమ్మ కొంగులో దూరేదాన్ని.
ఆయన బెత్తం ఎప్పుడూ ఒకే చోట ఆగేది:
"ఇదిగో, సంఘం ఎత్తబడేది ఇక్కడ. శ్రమలకి ముందు."

"కాదు," అంటాడు ఆర్నాల్డ్, "మధ్యలో.
మూడున్నరేళ్ళు గడిచాక. మీ నాన్నకి చెప్పు."
చెప్పడానికి మా నాన్న లేడు.
అయినా మాత్రలిచ్చేటప్పుడల్లా ఆయన తరఫున వాదిస్తాను.
ఎవరో ఒకరు వాదించాలి కదా.

దినమంటే ఏడాదేనా, ఏడాదికి మూడువందల అరవై రోజులేనా,
సున్నా సంవత్సరం అంటూ ఒకటుందా లేదా...
ఈయన బతుకంతా ఇమ్మింగ్‌హామ్ రేవులో
ఆటుపోట్ల వేళలు రాసిన మనిషి.
సముద్రాన్నే నిమిషాలతో సహా పట్టికలో కూర్చోబెట్టినవాడికి
దేవుడి లెక్క తేలకపోవడం చిన్నతనంగా ఉంటుంది.
"ఎవరికీ తెలీదన్నారు కదండీ" అంటే
"దినమూ గడియా తెలీదన్నారు, సూ. సంవత్సరం సంగతి ఎత్తలేదు,"
అని కన్ను గీటుతాడు.
సువార్తమ్మ ఆయన నోట ఏనాడూ పూర్తిగా పలకలేదు.

ఈ రాత్రి నిద్రపట్టక
మెట్ల వైపు చూస్తూ చెప్పాడు, ఎన్నడూ చెప్పనిది.
యాభై మూడు, జనవరి ఆఖరు రోజు. తనకి తొమ్మిదేళ్ళు.
పోటుకి ఇంకా టైముందని పట్టికలో ఉంది.
వాళ్ళ నాన్న అది చూసే టీకి నీళ్ళు పడేశాడు.
వేళకాని వేళ తలుపు కింద నుంచి వచ్చింది నీరు.
పిలవని పేరంటానికి వచ్చినట్టు కూడా కాదు,
ఇల్లు తనదే అయినట్టు.
డోరీన్ బూట్ల కోసం కిందికి దిగింది.
కొత్తవి. మర్నాడు ఆదివారం.
అంతే చెప్పాడు.

అప్పుడు చూశాను, పటం ఎడమ అంచున
జలప్రళయం పక్కన, చీమతలకాయలంత అక్షరాల్లో
"సాయంత్రం ఏడూ ఇరవై".
గోడ మొత్తం మీద సిరాతో రాసిన వేళ అదొక్కటే.

రెండు కాగానే గడియారాలు వెనక్కి తిప్పాలి,
ఇక్కడ చలికాలం లెక్క.
స్టూలెక్కి ముల్లు తిప్పాను.
ఒంటి గంట మళ్ళీ వచ్చింది.
"ఒంటి గంట: మెలకువగా ఉన్నారు" అని
డ్యూటీ పుస్తకంలో ఇందాకే రాసేశాను. ఇప్పుడేం రాయను?
ఆర్నాల్డ్ పడీపడీ నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"ఈ గంట ఎవరి పటంలోనూ లేదు. నాదాంట్లో లేదు,
మీ నాన్నదాంట్లో అసలే లేదు. పెన్సిలియ్యి."

ఇచ్చాను. గోడ దాకా లేవలేడు.
పెన్సిలుతో పాటు నా వేళ్ళూ పట్టుకుని
కొంతసేపు అలాగే ఉండి
"కిటికీ తియ్యి" అన్నాడు.
గట్టు అవతల సముద్రం.
పోటో ఆటో నాకెప్పుడూ తెలీదు, చప్పుడొకటే.
"వెనక్కి పోతోంది," అన్నాడు, ఏ పట్టికా చూడకుండా.

పుస్తకంలో రాశాను:
ఒంటి గంట, రెండోది. మెలకువగానే ఉన్నారు.
టీ అడిగారు, రెండు చెంచాల చక్కెర.
మెట్ల మీద లైటు వెయ్యమన్నారు. వేశాను.
గుమ్మం దగ్గరున్న నా బూట్లు
పై మెట్టు మీద పెట్టమన్నారు.
పెట్టాను.