శనివారం కూలి

సముద్రం ఎక్కడో ఉంది.
ఇసుక మాత్రం ఇక్కడ,
అడవి మధ్య, అలలు అలలుగా.

అద్దె సైకిలు చైను ఊడితే
ఆల్తియే వచ్చి ఎక్కించింది,
వేళ్ల గ్రీజు గడ్డికి తుడుచుకుంటూ.

"ఆ పైన్ చెట్లు మా తాత నాటినవి.
ఇసుక లేచి రై చేలను మింగకుండా,
రోజుకు నాలుగొందల మొక్కలు, కూలికి."

ఇప్పుడామె శనివారాలు
వాటి పిల్లల్ని పీకుతుంది.
ఇసుక కదలాలట,
లేకపోతే ఊదాపూల హెదర్ పొదలూ
వాటి కింది బల్లులూ బతకవట.

నాకూ ఒక జత తొడుగులిచ్చింది.
జానెడు మొక్క. లాగితే
మూరెడు వేరు.

"తాతకు కోపం రాదూ?"

గాలికి అడ్డం తిరిగి
నోట్లో పడ్డ ఇసుక ఉమ్మేసింది.
"ఆయనకు కూలైనా ఇచ్చారు" అంది
ఫ్లాస్కు మూతలో కాఫీ పోస్తూ.

అడుగు గుక్క కరకరలాడింది.