కొస పట్టుకో

కొర్లగుంటలో మెట్ల కింద గది నాది.
బయట బోర్డు:
చీర మడత నూట యాభై, కట్టడం మూడొందలు,
పెండ్లికూతురికి ఎనిమిదొందలు, పిన్నులు నావే.

ఇస్త్రీ పెట్టె కింద
ఒక్కో చీర ఒక్కో వాసన.
కంచిది బీరువాలో కలరా ఉండలు,
నారాయణవనం నేతది మొదటి తడుపు దాకా గంజి,
వెంకటగిరిది ఏమీ వెయ్యదు,
చేతిలో ఉందో లేదో చూసుకోవాల.

కుచ్చిళ్ళు ఐదు పెట్టాలా ఏడా,
మనిషి గడప దాటేలోపల చెప్పేస్తా.
పైట ఒంటిపొర వదలాలా, మడతలు తీర్చాలా,
కుడి భుజం మీదకి తిప్పాలా,
ఓణీ ఎంత జారితే
వాళ్ళమ్మ ఊరుకుంటుందో కూడా.

ఉత్తరమాడ వీధి పంకజవల్లి గారు
తొమ్మిది గజాలు తెచ్చి
మనవరాలి సీమంతానికి మడిసారు కట్టమన్నారు.
మూడుసార్లు విప్పించినారు.
నాలుగోసారి ఏమీ అనలేదు.
అదే నా సర్టిఫికెట్టు.

నగరి పిల్ల సెల్‌ఫోన్‌లో బొమ్మ చూపించి
బెంగాలీ కట్టు అడిగింది,
కొంగుకు తాళాల గుత్తి వేలాడాలంట.
నా బీరువా తాళాలే ఇచ్చినా.
ఇంకా తిరిగియ్యలేదు.

గంగజాతర వారం మాత్రం
నా గది ముందు మగోళ్ళ చెప్పులు.
మీసం తీసినోళ్ళు, తియ్యనోళ్ళు,
పోయినేడు మొక్కి ఈ ఏడు సిగ్గుపడేవాళ్ళు,
లోలాకులు బిగించుకోని అబ్బా అనేవాళ్ళు.
అందరికీ ఒకటే కట్టు, గబగబా, పది పిన్నులు:
అడుగు చిన్నగా వెయ్యన్నా, కుచ్చిళ్ళు తొక్కొద్దు,
కూర్చునే ముందు చీరని ఒక మాట అడుగు.

మునిరత్నం వచ్చింది మంగళవారం రాత్రి,
కార్పొరేషన్ నీళ్ళ ట్యాంకరు సందు మొదట్లో ఆపి.
చంకలో చిలకపచ్చ నూలుచీర,
అంచు అరిగి దారాలు లేచింది.
"మా అమ్మది. చెంగమ్మది.
అందరికీ కట్టినట్టు వద్దక్కా,
ఆమె కట్టినట్టు కట్టు."

ఎట్లా కట్టేది?

"ఇటుకలు మోసేటప్పుడు కట్టేది."

నాకు ముప్పై రెండు కట్లు వచ్చు.
వీడియోలు చూసి నేర్చినవి,
తిట్లు తిని నేర్చినవి.
ఇటుకలు మోసేది రాదు.

అతను చీర విదిలించి
ఒక కొస నా చేతికిచ్చినాడు.
"గట్టిగా పట్టుకో, గోడదాకా పో.
తెల్లారుజామున నన్నట్లా నిలబెట్టేది.
నాలుగేండ్లు నాకు, నిద్ర కండ్లు,
జారిస్తే కసిరేది."

గోడదాకా పోయినా.
బొడ్డు దగ్గర ముడేసి
అతను తిరిగినాడు, చుట్టుకుంటా, నా పక్కకి.
కుచ్చిళ్ళు పోసి, కాళ్ళ నడుమ నుంచి వెనక్కి లాగి
నడుము మీద దోపినాడు.
చూడకుండానే చేతులు పోతా ఉండాయి.
నా దగ్గరికి వచ్చి
కొస తీసుకున్నాడు.
ఆగిపోయినాడు.

"ఇక్కడ నా చేతిలోంచి తీసుకునేది.
పొయ్యి కాడికి పొమ్మనేది.
తర్వాతది చూళ్ళేదక్కా."

తర్వాతది ఇద్దరం వెతికినాం.
రెండుసార్లు జారింది.
మూడోసారి, తల మీద తట్ట ఉన్నట్టు
చెయ్యి పైకెత్తమన్నా. ఎత్తినాడు.
పైట ఎటు పోవాలో అప్పుడు తెలిసింది.

అలవాటుగా పిన్నీసు అందించినా.
నేను పెట్టుకున్నట్టే పండ్ల మధ్య పెట్టుకున్నాడు,
వాడలేదు.
పోతా పోతా నా డబ్బాలో వేసి
ట్యాంకరు మెట్టు మీద కాలు మోపి
ఒక్క ఎగురులో ఎక్కేసినాడు.
ఆ వారం నేను కట్టిన ఏ చీరా
అట్లా బండెక్కలేదు.

జాతర అయిపోయిన శుక్రవారం,
గిరాకీ లేని మధ్యాహ్నం,
నా పాత నూలుచీర ఒకటి తీసి
కొస కిటికీ ఊచకి ముడేసి
గోడదాకా పోయినా.

సగం చుట్టేసరికి చినుకులు.
దోపింది దోపినట్టే
డాబా మీద ఆరేసిన కంచిపట్టుల కోసం
మెట్లు రెండేసి ఎక్కినా.